తుపాకీ పట్టాడన్న పిల్లవాడిని బడిలో ఉంచుకోవచ్చా?

టీచరు గారూ, ముందు ఒక పని చేయండి. మీ ప్రశ్నలో ఆ అబ్బాయి ఊరి పేరు, ఇంటిపేరు రాశారు. వాటిని వెంటనే తీసేయండి. సంరక్షణ అవసరమైన పిల్లల ఆనవాళ్లు బయటపెట్టడం బాలల న్యాయ చట్టం, 2015లోని 74వ సెక్షన్ ప్రకారం నేరం. చట్టం మాట అటుంచినా, శబరి నది ఎగువన ఉన్న వాళ్ల అమ్మానాన్నలకు ఆ రెండు ముక్కల వల్ల ఏ వైపు నుంచి ఏ ముప్పు వస్తుందో అమలాపురంలో కూర్చుని మనం చెప్పలేం.

ఆ వివరాలు పోగా మీరు అడిగింది ఇది. చేపల చెరువుల మీద కాపలా పనికి వచ్చిన బంధువు ఒకాయన వెంట తెచ్చిన పదమూడేళ్ల గిరిజన బాలుడు మీ హాస్టల్లో చేరి ఏడో తరగతి చదువుతున్నాడు. అడవిలో ఉన్నప్పుడు మావోయిస్టు దళాలకు కబుర్లు మోశాడని, తుపాకీ కూడా పట్టాడని ఎవరో అన్నారు, అది పాకిపోయింది. టీసీ ఇచ్చి పంపేయమని కొందరు తల్లిదండ్రులు పట్టుబడుతున్నారు. అంతర్యుద్ధాలు జరిగిన దేశాల్లో ఇలాంటి పిల్లలు వేలమంది ఊళ్లకు తిరిగి వెళ్లారు కదా, వాళ్లు ఏమయ్యారు, వాళ్లను చేర్చుకున్న ఊళ్లు ఏమయ్యాయి అని మీ సందేహం.

మాది రాజోలు పక్కన పల్లె. మానసిక ఆరోగ్య రంగంలో సామాజిక కార్యకర్తగా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం సియెర్రా లియోన్, ఉత్తర ఉగాండాలలో, కొంతకాలం నేపాల్‌లో గడిపాను. ఆ అనుభవంతో సూటిగా చెబుతున్నాను. అలాంటి పిల్లల భవిష్యత్తును యుద్ధంలో వాళ్లు చేసిన పనులు ఒక్కటే తేల్చవు. తిరిగొచ్చాక ఊరు వాళ్లను ఎలా చూసిందన్నది అంతకంటే ఎక్కువగా తేలుస్తుంది. కాబట్టి మీ తల్లిదండ్రుల సమావేశం చిన్న విషయం కాదు.

సియెర్రా లియోన్ విస్తీర్ణంలో మన రాష్ట్రంలో సగం కూడా ఉండదు. 1991 మార్చిలో లైబీరియా సరిహద్దు దాటి ఆర్‌యూఎఫ్ తిరుగుబాటుదారులు రావడంతో మొదలైన యుద్ధం 2002 జనవరిలో ముగిసింది. పిల్లలను వాడుకున్నది తిరుగుబాటుదారులు మాత్రమే అనుకుంటారు. అటు ప్రభుత్వ సైన్యమూ వాడుకుంది, ప్రభుత్వం పక్షాన పోరాడిన కమజోర్లు అనే వేటగాళ్ల దళాలవాళ్లూ వాడుకున్నారు. పిల్లలకు జీతం ఇవ్వనక్కర్లేదు, ఎదురు చెప్పరు, భయపెడితే లొంగుతారు, చావంటే ఏమిటో సరిగా తెలియదు. కలాష్నికోవ్ తుపాకీ బరువు నాలుగు కిలోల చిల్లర, పదేళ్లవాడు మోయగలడు. అయితే అందరూ తుపాకీ పట్టలేదు. వంట చేసినవాళ్లు, మూటలు మోసినవాళ్లు, కబుర్లు తెచ్చినవాళ్లు, వజ్రాల గనుల్లో మట్టి తవ్వినవాళ్లు చాలామంది. వీళ్లందరినీ 2007 నాటి పారిస్ సూత్రాలు అనే అంతర్జాతీయ మార్గదర్శకాలు ఒకే గాటన కట్టి, సాయుధ బృందాలు వాడుకున్న పిల్లలుగానే చూడమంటాయి. పట్టుకున్నది తుపాకీయా గరిటా అన్నది అక్కడ లెక్కలోకి రాదు.

ఆ దేశంలో సుమారు 72,000 మంది ఆయుధాలు అప్పగించారు. వారిలో పిల్లలు ఏడు వేలకు దగ్గరగా ఉంటారు. వాళ్లను పెద్దవాళ్ల నుంచి వేరుచేసి తాత్కాలిక సంరక్షణ కేంద్రాల్లో ఉంచి, కుటుంబాలను వెతికేవారు. కెనెమా దగ్గర మా కేంద్రంలో ఒకే దళం నుంచి వచ్చిన కుర్రాళ్లు ఒక గదిలో ఉండేవారు. పదహారేళ్లవాడు ఒకడు వాళ్లకు నాయకుడు. రాత్రి భోజనానికి అన్నం, కర్రపెండలం ఆకు కూర వడ్డిస్తే ఒక్కడూ చెయ్యి పెట్టేవాడు కాదు. ఆ పెద్దవాడు కూర్చుని, ఎవరి పళ్లెంలోంచి చేప ముక్క తీసి ఎవరికి వేయాలో తేల్చాకే తినేవారు. దళం కట్టుబాటు తెంచకపోతే పిల్లలు పిల్లలు కారన్నది అప్పటికే తెలిసిన పాఠం, అందుకని అతన్ని వేరే గదికి మార్చాం. ఆ రాత్రి చిన్నవాళ్లెవరూ నిద్రపోలేదు. తెల్లారితే ఏం చేయాలో చెప్పేవాడు లేడు మరి. బయటివాళ్లు అలాంటి పిల్లల్లో క్రూరత్వం వెతుకుతారు. నాకు ఎక్కువగా కనిపించింది ఇది: సొంతంగా ఏ చిన్న నిర్ణయమూ తీసుకోలేకపోవడం. కొన్ని వారాలకు ఫుట్‌బాల్ ఆటలో గోల్‌కీపర్‌గా ఎవరుండాలని వాళ్లలో వాళ్లు గట్టిగా పోట్లాడుకున్నారు. ఆ పోట్లాట చూసి మా వంటామె ఆ పూట అందరికీ రెండో చేప ముక్క వేసింది.

ఊరికి చేర్చే రోజు వేరు. కైలాహున్ జిల్లాలో ఒక పల్లెకు పద్నాలుగేళ్లవాణ్ణి తీసుకెళ్లాం. వాళ్లమ్మ ఒక్కసారిగా వచ్చి కావలించుకోలేదు. ముందు ఊరిపెద్ద దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, కొడుకు తరఫున తను క్షమాపణ అడిగింది. పెద్దలు పితృదేవతలకు నీళ్లు వదిలారు, వాడి తలమీద చన్నీళ్లు పోశారు, కోలా కాయలు ముక్కలు చేసి అందరికీ పంచారు. జనంలో వెనక నిలబడిన ఒకామె మాత్రం కాయ అందుకోలేదు. ఆమె ఇల్లు తగలబెట్టిన గుంపులో ఈ కుర్రవాడు ఉన్నాడట. ఎవరూ ఆమెను బలవంతం చేయలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. ఆ తర్వాత ఎండాకాలంలో వాడి మేనమామ వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి ఆమె ఇంటికి కప్పు వేశాడు. మా సంస్థ కాగితాల్లో ఈ సంగతికి గడి లేదు. ఉన్న గడుల్లో 'కుటుంబంతో కలిపాము' అని టిక్కు పెట్టి దాతలకు పంపాం.

ఒక పల్లె కథ చూపి లోకమంతా ఇంతే అనడం తప్పు కాబట్టి, అధ్యయనాలు ఏం చెప్పాయో చూడండి. థెరీసా బెటాన్‌కోర్ట్ అనే పరిశోధకురాలు, ఆమె బృందం 2002 నుంచి సియెర్రా లియోన్‌లో ఇలాంటి యువతను పదిహేనేళ్ల పైచిలుకు వెంటాడి చూశారు. మనుషులను చంపిన, గాయపరిచిన పిల్లల్లో కాలం గడిచే కొద్దీ పగ, కోపం పెరిగిన మాట నిజం. అత్యాచారానికి గురైన పిల్లల్లో ఆందోళన ఎక్కువ. కానీ ఊరు ఒప్పుకున్నచోట, ఇంటి అండ ఉన్నచోట, బడి ఆగనిచోట పిల్లలు తేరుకున్నారు. వేలెత్తి చూపినచోట కుంగారు. మొజాంబిక్‌లో 1988 ప్రాంతంలో రెనమో అనే తిరుగుబాటు దళం చేతి నుంచి బయటపడి లాంగెనె కేంద్రంలో చేరిన 39 మంది మగపిల్లలను పదహారేళ్లపాటు గమనించారు. ఎక్కువమంది పెళ్లి చేసుకుని, పిల్లలను పెంచుకుంటూ, పొలమో పనో చేసుకుంటూ ఇరుగుపొరుగుతో కలిసి బతికారు. పీడకలలు మాత్రం కొందరిని వదల్లేదు. దళంలో కొద్దినెలలు ఉన్నవాడు తనను బాధితుడిగా చెప్పుకుంటాడు, ఏడాది దాటి ఉన్నవాడు దళం మనిషిగానే చెప్పుకుంటాడు. ఈ తేడా అక్కడ స్పష్టంగా కనిపించింది, నా అనుభవమూ అదే.

మరి సమాజానికి పడే దెబ్బ ఎక్కడ? ఉత్తర ఉగాండా లెక్కలు ఇక్కడ పనికొస్తాయి. జోసెఫ్ కోనీ నాయకత్వంలోని లార్డ్స్ రెసిస్టెన్స్ ఆర్మీ అక్కడ వేలాది పిల్లలను ఎత్తుకుపోయింది. రాత్రి ఇంట్లో పడుకుంటే ఎత్తుకుపోతారని పిల్లలు సాయంత్రం గులు పట్టణానికి నడిచి వచ్చి, బస్టాండుల్లో, ఆసుపత్రి వసారాల్లో పడుకుని తెల్లవారి తిరిగి వెళ్లేవారు. అపహరణకు గురైన యువతను గురికాని వాళ్లతో పోల్చి క్రిస్ బ్లాట్‌మన్, జీనీ అన్నన్ చేసిన అధ్యయనంలో తేలింది ఏమిటంటే, చదువు దాదాపు ఏడాది తగ్గింది, నైపుణ్యమున్న పని దొరికే అవకాశం సగానికి పడింది, సంపాదన మూడో వంతు తగ్గింది. తీవ్రమైన మానసిక బాధ అత్యంత హింస చవిచూసినవాళ్లకే ఎక్కువగా పరిమితమైంది. దూకుడు స్వభావం పెరిగిందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. ఇంకో వింత చెబుతాను. అపహరణ నుంచి బయటపడినవాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువగా ఓటు వేశారు.

అంటే యుద్ధం ముగిశాక ఆ సమాజం కట్టే మూల్యం వీధుల్లో తిరిగే హంతకుల రూపంలో రాదు. కూడికలు, తీసివేతలు రాని పాతికేళ్ల కూలీ రూపంలో వస్తుంది. అతని పిల్లల చదువు కూడా అక్కడే కుంటుపడుతుంది. 'కోల్పోయిన తరం' అని విరాళాల కోసం అచ్చువేసిన పోస్టర్లు చాలా చూశాను. నాకు ఒళ్లు మండేది. కోల్పోయారని ముందే తీర్పు చెప్పేస్తే వాళ్లకు పలకా బలపం కొనేదెవరు?

ఈ పని చెడిపోయిన చోట్లూ ఉన్నాయి. లైబీరియాలో 2003 తర్వాత ఆయుధాలు అప్పగించిన పెద్దవాళ్లతోపాటు పిల్లల చేతికీ 300 డాలర్ల నగదు ఇచ్చారు. పాత కమాండర్లు అందులో వాటా గుంజుకున్నారు. చేతిలో పనీ చదువూ లేని కుర్రాళ్లను పొరుగు దేశాల్లో కిరాయికి మళ్లీ తీసుకెళ్లారు కూడా. నేపాల్‌లో తప్పు ఇంకో రకం. 1996 నుంచి 2006 దాకా సాగిన మావోయిస్టు యుద్ధం శాంతి ఒప్పందంతో ముగిశాక, శిబిరాల్లో ఉన్నవాళ్లలో 2,973 మంది మైనర్లని ఐక్యరాజ్యసమితి పరిశీలనలో తేలింది. వాళ్లను బయటకు పంపింది 2010 మొదట్లో. శాంతి వచ్చాక కూడా మూడేళ్లకు పైగా శిబిరంలోనే ఉంచి, చివరికి 'అనర్హులు' అనే ముద్రతో పంపారు. తమ పార్టీ కోసం ప్రాణాలొడ్డామనుకున్న పిల్లలకు అది కొట్టినదానికంటే ఎక్కువ. చదువు సహాయం, వృత్తి శిక్షణ ఇస్తామన్నా చాలామంది మొహం తిప్పుకున్నారు. శ్రీలంక ఈ ఒక్క విషయంలో కాస్త నయం. 2009లో యుద్ధం ముగిశాక టైగర్ల దళాల్లో దొరికిన 594 మంది పిల్లలపై కేసులు పెట్టకుండా, చాలామందిని రత్మలానాలోని హిందూ కళాశాలలో చేర్చి పరీక్షలు రాయించింది.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే అన్ని దేశాల్లోనూ లెక్క తప్పింది అక్కడే. సియెర్రా లియోన్‌లో దళాల వెంట ఉన్న పిల్లల్లో ఆడపిల్లలు చాలామందే ఉన్నారు. నిరాయుధీకరణలో నమోదైన పిల్లల్లో మాత్రం వాళ్లు పదో వంతు కూడా లేరు. తుపాకీ అప్పగిస్తేనే పేరు రాసుకుంటామన్నారు. వాళ్ల దగ్గర తుపాకీ ఎక్కడిది? కమాండర్ 'భార్య'గా ఉన్నానని నలుగురిలో చెప్పుకోవడం ఇష్టంలేక కొందరు రాలేదు, కమాండర్ రానివ్వక కొందరు రాలేదు. నిశ్శబ్దంగా ఊళ్లకు వెళ్లిపోయారు. మన కోనసీమ నుంచి కువైట్, మస్కట్ వెళ్లి తిరిగొచ్చిన ఆడవాళ్ల గురించి అరుగుల మీద ఏమనుకుంటారో మీకు తెలుసు. డబ్బు పంపినన్నాళ్లూ లక్ష్మి, దిగిన మర్నాటి నుంచి ఆరాలు. అక్కడి ఆడపిల్లలు డబ్బుకు బదులు చంకలో బిడ్డతో దిగారు. తల్లిని కష్టం మీద ఒప్పుకున్న ఇళ్లు కూడా ఆ బిడ్డను ఒప్పుకోలేదు. మగపిల్లల కోసం చేసిన శుద్ధి తంతులు, వడ్రంగి తరగతులు వీళ్లకు అందలేదు. కొన్ని ఊళ్లలో ఆ తల్లులే గుంపుగా కలిసి సబ్బు తయారీ, కూరగాయల సాగు మొదలుపెట్టాక పరిస్థితి మారింది. చేతిలో సంపాదన ఉన్న మనిషిని వెలివేయడం ఏ ఊరికైనా కష్టం.

శిక్ష మాట కూడా మీ తల్లిదండ్రులు ఎత్తుతారు. సియెర్రా లియోన్ ప్రత్యేక న్యాయస్థానానికి పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ల వయసులో నేరం చేసినవాళ్లను విచారించే అధికారం ఉండేది. ప్రాసిక్యూటర్ డేవిడ్ క్రేన్ ఒక్క పిల్లవాడిని కూడా బోనెక్కించనన్నారు, ఎక్కించలేదు. పిల్లలను దళాల్లో చేర్చుకున్న పెద్దవాళ్లకు 2007లో అదే కోర్టు శిక్షలు వేసింది. లైబీరియా మాజీ అధ్యక్షుడు చార్లెస్ టేలర్‌కు 2012లో 50 ఏళ్ల శిక్ష పడిన నేరాల్లోనూ ఇదొకటి. చిక్కు ఎక్కడంటే డొమినిక్ ఆంగ్వెన్ లాంటివాళ్ల దగ్గర. చిన్నప్పుడు బడికి వెళ్తుంటే కోనీ మనుషులు ఎత్తుకుపోయారు. పెరిగి పెద్దయి అదే దళంలో బ్రిగేడ్ కమాండరై ఇతర పిల్లలను ఎత్తుకొచ్చాడు. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2021లో అతన్ని దోషిగా తేల్చి 25 ఏళ్లు వేసింది, బాల్యంలో జరిగిన అన్యాయాన్ని గుర్తించి యావజ్జీవం వేయడం లేదంది. నా మటుకు ఆ తీర్పు న్యాయమే. పద్దెనిమిది దాటాక చేసినదానికి మనిషి జవాబు చెప్పాలి. పదమూడేళ్లవాడి విషయంలో జవాబు చెప్పాల్సింది వాడి చేతికి సంచీ ఇచ్చినవాళ్లు.

ఇక మన గోదావరి దగ్గరకు వద్దాం. శబరి సుక్మా మీదుగా వచ్చి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ ఎగువ అడవుల్లో మావోయిస్టులు పిల్లలను బాల సంఘాల పేరుతో పాటలకు, కబుర్లకు, తర్వాత దళాలకు వాడుకున్నారని ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి నివేదికల్లో ఉంది. అటువైపు మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సాగిన సల్వా జుడుం కాలంలో గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా చేసి తుపాకులిస్తే, సుప్రీంకోర్టు 2011 జులైలో అది ఆపమంది. బడులను ఒకరు పేల్చారు, ఇంకొకరు మకాంగా వాడుకున్నారు. ఈ రెండింటి మధ్య నలిగి వేలాది కుటుంబాలు కొండ దిగి ఇటు వచ్చాయి. మీ విద్యార్థి ఆ ప్రవాహంలో కొట్టుకొచ్చినవాడు. అతను తుపాకీ పట్టాడో లేదో మీకు తెలియదు. తెలుసుకోవలసిన అవసరం కూడా లేదు. పిల్లలను వాడుకున్న సాయుధ బృందానికి ఏడేళ్ల దాకా కఠిన శిక్ష అని బాలల న్యాయ చట్టంలోని 83వ సెక్షన్ చెబుతోంది, శిక్ష వాడుకున్నవాడికే.

టీసీ ఇవ్వడం మీ చేతిలో లేదు. విద్యాహక్కు చట్టం, 2009లోని 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేవరకు పిల్లలను బడి నుంచి తొలగించకూడదు. సమావేశంలో ఈ ఒక్క వాక్యం ప్రధానోపాధ్యాయుల నోట చెప్పించండి, సగం గొడవ అక్కడే చల్లారుతుంది. మిగతా సగం భయం, దాన్ని కసరకండి. 'మా పిల్లలకు ప్రమాదమా?' అని అడిగిన తల్లికి నేనిచ్చే జవాబు ఇది: ఇలాంటి పిల్లలు తోటివాళ్లను ఏడిపించడం తక్కువ చూశాను, వాళ్లను తోటివాళ్లు ఏడిపించడం ఎక్కువ చూశాను. రాత్రి హాస్టల్లో పెద్దవాళ్లెవరైనా ఒకరు మేలుకుని ఉండే ఏర్పాటు అందరి పిల్లలకూ మంచిదే, అది చేస్తామనండి.

'మాట్లాడడు, అదోలా చూస్తాడు' అని రాశారు. అతని ఇంటి భాష కోయ. మన కోనసీమ తెలుగు వేగం అతనికి అందుతోందా? అర్థంకాక మౌనంగా ఉన్న పిల్లవాడి మొహంలో అందరూ అడవిని చూస్తున్నారేమో. చింతూరు వైపు నుంచి వచ్చిన ఉపాధ్యాయులెవరైనా దగ్గరలో ఉంటే వారానికోసారి కాసేపు వచ్చి మాట్లాడమనండి. లెక్కల్లో ఏ తరగతి స్థాయిలో ఉన్నాడో చూసి అక్కడి నుంచి విడిగా చెప్పండి. వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేయొద్దు. దీపావళికి, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకెళ్తే, మందుగుండు ఎప్పుడు పేలుస్తారో ముందే చెప్పండి, వెళ్లనంటే బలవంతం చేయొద్దు. గతం చెప్పమని మీరు అడగొద్దు, ఎవరినీ అడగనివ్వొద్దు. తనంతట తాను చెబితే వినండి, వహీలో రాయకండి. నిద్రలేమి నెల దాటినా, తనను తాను గాయపరచుకున్నా కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. అంతలోపు మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు ఫోను చేసి తెలుగులోనే సలహా తీసుకోవచ్చు.

నాకు అన్నిటికన్నా బెంగగా ఉన్నది మాత్రం వేసవి సెలవుల గురించి. ఏప్రిల్ చివర హాస్టల్ మూస్తారు. చెరువు కాపలా బంధువు అప్పటికి ఇక్కడే ఉంటాడో లేదో తెలియదు. పిల్లవాడు ఒంటరిగా ఎగువకు వెళ్తే, వాణ్ణి ఒకసారి వాడుకున్నవాళ్లు మళ్లీ పిలుస్తారు. ఉగాండాలో, లైబీరియాలో పిల్లలు మళ్లీ దళాల పాలైంది ఇలాంటి ఖాళీ నెలల్లోనే. ఇప్పుడే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేసి జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందుకు విషయం తీసుకెళ్లండి, ఆ రెండు నెలలు ఎక్కడ ఉండాలో రాతపూర్వకంగా ఉత్తర్వు అడగండి. దరఖాస్తు ఫిబ్రవరిలోనే పెట్టాలి. ఏప్రిల్‌లో పెడితే కమిటీ కూర్చునేసరికి హాస్టల్‌కు తాళం పడుతుంది.